తేదీ, సమయం సరిచూసుకోండి

మే 4, సోమవారం

వడ్రంగి మేస్త్రి పది నెలల తర్వాత ఫోన్ చేశాడు. పరామర్శ అర నిమిషం, ప్లైవుడ్ గురించి ఆరు నిమిషాలు. ఈ పది నెలల్లో నేను విన్న పరామర్శల్లో ఇదే నయం.

ఇరవయ్యో తారీకున పని మొదలుపెడితే వంటిల్లు పూర్తి చేసి వెళతాడట. ఇరవయ్యారు నుంచి ఏదో పెద్ద హోటల్ పని ఒప్పుకున్నాడు. ఇక ఏడాది దాకా దొరకడు.

"డ్రాయింగ్ ఇవ్వండి సార్, ఐదారు రోజుల్లో బిగించేస్తా."

"అది నీ దగ్గరే ఉండాలి కదా."

"ఉండేది సార్. మేడమ్ వెనక్కి తీసేసుకున్నారు. మార్పులున్నాయి, కొత్తది ఇస్తానన్నారు. హాస్పిటల్‌కి వెళ్ళే ముందు రోజు."

"పాతది గుర్తున్నంత వరకూ చేసేయలేవా?"

"గుర్తు మీద కట్టేది వంటిల్లు కాదు సార్. కొత్తది దొరక్కపోతే చెప్పండి, అందరికీ చేసే మోడల్ ఒకటుంది, అది పెట్టేస్తా. ఇప్పుడు మీరొక్కరే కదా, సరిపోతుంది."

మీరొక్కరే కదా. ప్లైవుడ్‌ని కూడా ఇంత సూటిగా కోయడు.

అందరికీ చేసే మోడల్ మా ఇంట్లో పెట్టడానికి వీల్లేదు. మా ఆవిడ ముప్ఫయ్యేళ్ళు ఊళ్ళోవాళ్ళ వంటిళ్ళన్నీ గీసింది. సొంతానికి గీసుకున్నది ఇదొక్కటే.

కొత్త డ్రాయింగ్ తన లాప్‌టాప్‌లో, ప్లాన్లు గీసే యాప్‌లో ఉంది. తెరవడమే కదా.

మే 5

తెరవడమే కాదు.

యాప్ మీద నొక్కితే "మీ లైసెన్సును ధ్రువీకరించడానికి స్టోర్‌లో సైన్ ఇన్ చేయండి" అంది. స్టోర్ అంటే యాప్‌లు అమ్మే కొట్టు. సరుకు కొని ఇంటికి తెచ్చుకున్నా, వాడుకునే ముందు వెళ్ళి కొట్టువాడికి మొహం చూపించి రావాలన్నమాట. తూనికలు కొలతల శాఖలో ముప్ఫై మూడేళ్ళు ఇన్‌స్పెక్టర్‌గా కొట్లు తనిఖీ చేశాను. ఈ కొట్టు నా చేతికి చిక్కలేదు. దాని అదృష్టం.

మెయిల్ ఐడి ఇచ్చాను. పాస్‌వర్డ్ తను ఎప్పుడో ఫ్రిజ్ పక్కన చీటీ మీద రాసి అంటించింది. తన ఫోన్‌కి కోడ్ వచ్చింది. ఆ ఫోన్‌కి ఇంకా చార్జింగ్ పెడుతున్నాను. ఇందుకే అనుకోవచ్చు. కోడ్ కొట్టాను. చుక్కలు గుండ్రంగా తిరిగాయి, తిరిగాయి, ఆగాయి.

"ఏదో జరిగింది. దయచేసి తర్వాత ప్రయత్నించండి."

తను లాప్‌టాప్‌ని తెలుగులో పెట్టుకుంది కాబట్టి అది ఇలా మాట్లాడుతుంది.

ఏదో జరిగింది. పది నెలలుగా ఇంటికొచ్చిన వాళ్ళందరూ చెప్పింది కూడా ఇదే. వాళ్ళు కాఫీ తాగి చెప్పారు, అంతే తేడా.

మే 6

తర్వాత ప్రయత్నించాను. ఏదో జరిగింది.

మే 7

ఫోన్‌లో వెతికితే "సైన్ ఇన్ కాకపోతే చేయవలసిన తొమ్మిది పనులు" అని ఒకటి దొరికింది. రాసినవాడికి జీవితంలో ఒక్కసారి కూడా సైన్ ఇన్ కాని బాధ లేనట్టుంది. అంత హుషారుగా రాశాడు.

మొదటిది, ఆపి మళ్ళీ ఆన్ చేయండి. చేశాను. తర్వాత, ఇంటర్నెట్ వస్తోందో లేదో చూడండి. వస్తోంది. తేదీ, సమయం సరిచూసుకోండి. సరిగానే ఉన్నాయి. సైన్ అవుట్ అయి మళ్ళీ సైన్ ఇన్ అవండి. లోపలికే పోనివ్వనివాణ్ణి బయటికి రమ్మంటాడు. ఆ తర్వాత, స్టోర్ దాచుకున్న పాత చెత్తంతా తుడిచేయండి, దీనివల్ల మీరు పోగొట్టుకునేదేమీ లేదు.

తుడిచాను. స్టోర్ ఒకసారి మాయమై, తెల్లమొహం వేసుకుని తిరిగొచ్చింది. ఏదో జరిగింది.

మిగతా నాలుగు పనులూ రేపు.

తొమ్మిదింటికి లాప్‌టాప్ టింగుమంది. "మాత్ర. కాఫీతో మింగితే నాకు తెలిసిపోతుంది." నా బీపీ మాత్ర కోసం తను హాస్పిటల్ మంచం మీద కూర్చుని పెట్టిన రిమైండర్లు ఇవి, రోజుకొకటి. స్టోర్ నన్ను వద్దనుకున్నా, ఈ ఒక్క పని మాత్రం లాప్‌టాప్ బుద్ధిగా చేస్తోంది. నీళ్ళతోనే వేసుకున్నాను.

మే 8

మిగతా నాలుగూ అయ్యాయి. ఫలితం రాయనక్కర్లేదు.

వంటింట్లో గోడలూ, ఒక కుళాయీ ఉన్నాయి. పాత గట్టు మేస్త్రి పోయిన జూన్‌లోనే పగలగొట్టాడు. ప్లైవుడ్ షీట్లు పడగ్గదిలో గోడకి ఆనించి ఉన్నాయి. వాటిని చుట్టాలనుకుని అలవాటు చేసుకున్నాను. పొయ్యి హాల్లో, టీవీ పక్కన, మడత బల్ల మీద. వార్తలు చూస్తూ వండితే రెండూ మాడుతున్నాయి. గిన్నెలు బాత్రూములో కడుగుతున్నాను.

సామానంతా అట్టపెట్టెల్లో ఉంది. పెట్టెల మీద తన రాత. "రోజూ వాడేవి." "ఎప్పుడో వాడేవి." "ఎందుకు కొన్నామో."

మూడో పెట్టె అన్నిటికన్నా పెద్దది.

మే 9, శనివారం

బావమరిది వచ్చాడు. నేను పిలవలేదు. మేస్త్రి చెప్పాడట. వీళ్ళిద్దరికీ స్నేహం ఎప్పుడు కుదిరిందో తెలియదు.

అతనికి కంప్యూటర్లంటే ప్రాణం. కంప్యూటర్లకు అతనంటే భయం.

"ఇటివ్వు బావా, రెండు నిమిషాల పని."

గంటన్నర గడిచింది.

"ఇది మామూలు ప్రాబ్లం కాదు బావా."

"రెండు నిమిషాలన్నావు."

"మామూలు ప్రాబ్లం అయితే అన్నాను. కింద పట్టీ ఏదీ? టైమ్ అదీ కనపడేది?"

"అడ్డంగా ఉందని దాచాను."

"తేదీ కరెక్టుగానే ఉందా? ఒక్కోసారి దానివల్ల కూడా స్టోర్ మొరాయిస్తుంది."

"సరిగానే ఉంది."

"నువ్వు ఉందన్నాక ఇక చూసేదేముంది. కొలతల ఇన్‌స్పెక్టర్‌వి." చూడలేదు. ఇంకో పావుగంట ఏవేవో నొక్కి, చేతులు దులుపుకున్నాడు. "ఫార్మాట్ కొట్టేద్దాం. అంతా తుడిచేసి మొదట్నించి. డ్రాయింగ్ ఎలాగూ అక్క అకౌంట్‌లో ఉంటుంది, మళ్ళీ దిగుతుంది."

"లాప్‌టాప్‌లో ఉన్నవి?"

"ఏమున్నాయి ఇందులో? ఫోటోలన్నీ నా దగ్గరున్నాయి. కొత్తదానిలా అయిపోతుంది బావా."

మూత మూసేశాను. అతని వేళ్ళు లోపలే ఉన్నాయి.

"అబ్బా! ఏంటి బావా ఇది!"

"నాకు కొత్తది అక్కర్లేదు."

"నేనేదో పాడుచేస్తానన్నట్టు చూస్తావేంటి? అది మా అక్కది. నీకెంతో నాకూ అంతే."

"అక్క నీది. లాప్‌టాప్ నాది."

ఇలాంటి మాటలు నాకు తడుముకోకుండా వస్తాయి. మంచి మాటలకే వెతుక్కోవాలి.

అతను చాలాసేపు బూట్లు వేసుకున్నాడు. గుమ్మం దగ్గర "వేలు వాచింది" అన్నాడు. నాతో కాదు, వేలితో.

మే 10

తొమ్మిదింటికి: "మాత్ర. ఇంకో సంగతి, మా తమ్ముణ్ణి ఏమీ అనకండి. వాడు మీ కోసమే వస్తాడు."

ఒక్కరోజు ముందు రావాల్సింది. వస్తుందని నాకైనా గుర్తుండాల్సింది.

మే 11

ఇవాళ స్టోర్ కొత్త మెలిక పెట్టింది. నేను రోబోను కానని నిరూపించుకోవాలట. తొమ్మిది బొమ్మల్లో మెట్లు ఉన్నవి ఎంచాలి. ఒక బొమ్మలో మెట్టు అంచు మాత్రం కొంచెం కనిపిస్తోంది. అంచు మెట్టేనా? చట్టప్రకారం మెట్టే. ఎంచాను. తప్పట. మూడుసార్లు ఓడిపోయాను. అరవై రెండేళ్ళలో నేను మనిషినని రుజువు అడిగినవాళ్ళు లేరు. అడిగితే ఇలాగే ఉండేదేమో.

సహాయకేంద్రానికి ఫోన్ చేశాను. నలభై నిమిషాల సంగీతం. ఆ బాణీ కట్టినవాడికి ఎవరిమీదో పాత కక్ష ఉంది. తర్వాత ఒక అమ్మాయి. గొంతు బట్టి పాతికేళ్ళుంటాయి.

"అకౌంట్ ఎవరి పేరు మీద ఉంది సార్?"

"మా ఆవిడ పేరు మీద."

"మేడమ్ పక్కనే ఉన్నారా? ఒక్కసారి ఫోన్ ఇస్తారా?"

"లేదు."

"ఎప్పుడొస్తారు సార్?"

సహాయకేంద్రం వాళ్ళు కూడా ఒక్కోసారి మంచి ప్రశ్నలే అడుగుతారు.

"ఊళ్ళో లేదు."

"పర్లేదు సార్. ఊళ్ళో లేరు అని రాసుకుంటున్నాను. లాప్‌టాప్ స్క్రీన్ మీద తేదీ, సమయం ఎంత ఉందో కాస్త చదువుతారా?"

చదివాను. మే పదకొండు, పన్నెండుంబావు. గోడ మీది కేలండరూ, చేతి గడియారమూ చూసి చదివాను. ఆ అమ్మాయికి కావలసింది తేదీ, నేను చెప్పిందీ తేదీయే.

"అవి కరెక్టే సార్. అయితే ఇది పైకి పంపుతాను. రెండు మూడు రోజుల్లో నేనే చేస్తాను."

మే 12

వాన పడింది. ప్లైవుడ్‌ని గోడకి దూరంగా జరిపాను.

బావమరిది ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

మే 14

అన్న మాట ప్రకారం ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఈ రోజుల్లో ఇదొక వింత.

"మేడమ్ వచ్చారా సార్?"

"ఇంకా లేదు."

"ఎప్పుడొస్తారో చెప్పారా?"

"చెప్పలేదు."

"మీక్కూడా చెప్పకుండా వెళ్ళారా సార్?" నవ్వింది.

"చెప్పే వెళ్ళింది. నేనే సరిగ్గా వినలేదు."

పైవాళ్ళు తమ వైపు లోపమేమీ లేదని తేల్చారట. లోపం మీ వైపే ఉండాలి సార్, అంది. చాలా మర్యాదగా అంది.

మే 15

ఏదో జరిగింది.

మే 17, ఆదివారం

మేస్త్రి గోడలు కొలవడానికి వచ్చాడు. అలవాటు కొద్దీ అతని టేపుని నా స్టీలు స్కేలు పక్కన పెట్టి చూశాను. రెండు మిల్లీమీటర్లు తేడా. చివర కొక్కెం వంగింది.

"పన్నెండేళ్ళ టేపు సార్. దాని తేడా నాకు తెలుసు. నేను సర్దుకుంటా."

"తేడా తెలిసి వాడితే తప్పు కాదా?"

"కాదు కదా సార్?"

"తెలియక వాడితే పొరపాటు. తెలిసి వాడితే కేసు."

పెద్దగా నవ్వాడు. "మీ ముందు తప్పుడు కొలత నిలవదు సార్. మేడమ్ ఎప్పుడూ అనేవారు, మావారు పెళ్ళిలో తాళిబొట్టు కూడా తూకం వేసి చూశారని."

అది అబద్ధం. ఉంగరం ఒక్కటే చూశాను.

మేస్త్రితో పాటు నవ్వలేకపోయాను. లాప్‌టాప్ ఉన్న గది తలుపు దగ్గరికి వేశాను, ఎవరో లోపల పడుకున్నట్టు.

వెళుతూ చెప్పాడు. "బుధవారం పొద్దున్నే వచ్చేస్తా సార్. డ్రాయింగ్ ఉంటే అది. లేకపోతే మామూలు మోడల్‌కి షీట్లు కోసేస్తా. ఒకసారి కోశాక మళ్ళీ అతకదు, అది మాత్రం చూసుకోండి."

మే 18, సోమవారం

రాయాల్సింది రాయకుండా రెండు వారాలు పేజీలు నింపాను.

లాప్‌టాప్‌లో తేదీ సరిగా లేదు. ఇవాళ దాని లెక్కలో పోయిన ఏడాది సెప్టెంబరు ఇరవై నాలుగు. తిప్పింది నేనే.

తను జూలై ఒకటిన హాస్పిటల్‌లో చేరింది. చేరిన రోజే లాప్‌టాప్ అడిగి తెప్పించుకుని, రిమైండర్లు పెడుతూ కూర్చుంది. రోజుకొకటి చొప్పున నూట పద్దెనిమిది, అక్టోబరు ఇరవయ్యారు దాకా. పన్నెండో రోజున వెళ్ళిపోయింది. రిమైండర్లు మాత్రం ఠంచనుగా వచ్చాయి. అక్టోబరు ఇరవై ఏడున తొమ్మిదింటికి ముందే వెళ్ళి దాని ఎదురుగా కూర్చున్నాను. ఏమీ రాలేదు. పది దాకా చూశాను. బస్సు కోసం కూడా నేను అంతసేపు చూడను. అప్పుడు సెట్టింగుల్లోకి వెళ్ళి తేదీని జూలై ఒకటికి తిప్పాను. వెంటనే టింగుమంది. "మాత్ర. నేను ఇక్కడున్నానని ఎగ్గొట్టకండి."

ఫిబ్రవరిలో మళ్ళీ తిప్పాను. ఇది మూడో విడత.

తూకం రాళ్ళు తొలిచి సీసం నింపినవాణ్ణి చూశాను. త్రాసు కింద అయస్కాంతం పెట్టినవాణ్ణి చూశాను. కేలండర్‌నే తిప్పేసి, అడిగినవాళ్ళందరికీ సరిగానే ఉందని చెప్పే దర్జా ఎవడికీ లేదు. ఇంకా ఘోరం, నాకు నేనే డైరీలో రాసుకున్నాను.

సహాయకేంద్రానికి చేశాను. టికెట్ నంబరు చెప్పి ఆ అమ్మాయే కావాలన్నాను.

"మేడమ్ వచ్చారా సార్?"

"తేదీ మళ్ళీ చదువుతాను, రాసుకోమ్మా."

"చెప్పండి సార్."

స్క్రీన్ చూసి చదివాను. సంవత్సరంతో సహా. అవతల ఏమీ వినిపించలేదు. సంగీతం కూడా.

"సార్, అది పోయిన ఏడాది."

"అవును."

"లోపల బ్యాటరీ వీకైతే అలా వెనక్కి పోతుంది సార్, అది..."

"బ్యాటరీ బాగానే ఉంది. నేనే తిప్పాను."

"ఎందుకు సార్?"

చెప్పాను. ఎవరికీ చెప్పనిది, టికెట్ నంబరు అడిగే మనిషికి చెప్పాను. మూడు వాక్యాల్లో అయిపోయింది. ఇన్ని నెలలు మోసిన సంగతి ఇంత చిన్నదని అనుకోలేదు.

అంతా విని అంది. "అకౌంట్ ఉన్నవాళ్ళు చనిపోయారని తెలిస్తే నేను వెంటనే అకౌంట్ ఆపించాలి సార్. రూల్ అది."

"తెలుసమ్మా. నేనూ రూళ్ళ ఉద్యోగమే చేశాను."

కీబోర్డు చప్పుడైంది. ఆగింది.

"ఇక్కడ ఊళ్ళో లేరు అని ఉంది సార్. మీరిప్పుడు చెప్పింది నాకు సరిగ్గా వినపడలేదు. లైన్‌లో గరగర."

లైన్ అద్దంలా ఉంది.

"తేదీ సరిచేసి సైన్ ఇన్ అవండి సార్, అయిపోతుంది. ముందు ఆ డ్రాయింగ్ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి."

"పెట్టుకున్నాక మళ్ళీ వెనక్కి తిప్పుకోవచ్చా?"

"మీ లాప్‌టాప్ సార్, మీ ఇష్టం." కొంచెం ఆగి, "కానీ మళ్ళీ ఫోన్ చేస్తే మాత్రం నేను ముందు అదే అడుగుతాను."

తర్వాత మెసేజ్ వచ్చింది, మా సేవకు ఐదుకి ఎన్ని ఇస్తారని. ఐదూ ఇచ్చాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎవరికీ పూర్తి మార్కులు ఇవ్వలేదు.

తేదీ ఇంకా సరిచేయలేదు. రేపు కూడా ఒక తేదీయే కదా.

మే 19

నా పథకం ఇది. తేదీ సరిచేయడం, డ్రాయింగ్ తీసుకోవడం, తిరిగి సెప్టెంబరుకి వెళ్ళిపోవడం. అరగంట పని.

సరిచేశాను. ఒక్క దెబ్బకి సైన్ ఇన్ అయింది. రెండు వారాలు ఏడిపించినదానికి సిగ్గూ లేదు, సంజాయిషీ లేదు. "తిరిగి స్వాగతం" అని తన పేరు వేసింది.

యాప్ తెరుచుకుంది. డ్రాయింగులు మూడున్నాయి. "వంటిల్లు." "వంటిల్లు చివరిది." "వంటిల్లు నిజంగా చివరిది." మూడోది పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాను. కాగితం మీద ప్రింట్ కూడా తీశాను, లాప్‌టాప్ మీద నమ్మకం లేక.

వెనక్కి తిప్పబోతుంటే స్క్రీన్ మూల చిన్న పెట్టె లేచింది. "గడువు దాటినవి: 119."

నూట పద్దెనిమిది. లెక్కల్లో తేడా వస్తే నాకు అన్నం సయించదు. తెరిచి ఒక్కొక్కటే చూసుకుంటూ కిందికి వెళ్ళాను. జూలై. ఆగస్టు. గోళ్ళు తీసుకోండి. ఆ చొక్కా మూడు రోజులైంది. మా తమ్ముణ్ణి ఏమీ అనకండి. అక్టోబరు ఇరవయ్యారు దాకా అన్నీ నాకు తెలిసినవే. దాని కింద ఒకటుంది. నవంబరు ఇరవయ్యారు.

"నెల రోజులుగా నేను గుర్తు చేయలేదు. మాత్ర వేసుకుంటూనే ఉన్నారు కదా? ఉండే ఉంటారు. ఇది తనిఖీ. పాసయ్యారు. ఇక మీ అంతట మీరే."

అసలు నవంబరు ఇరవయ్యారున నా లాప్‌టాప్‌లో జూలై ముప్ఫై ఒకటి.

చెప్పాపెట్టకుండా కొట్ల మీద పడటమే నా ఉద్యోగం. నా మీద ఎవరూ పడలేరనుకున్నాను. తను ఒక నెల అవతల మాటు వేసి కూర్చుంది. ఆ నెల దాటి ఉంటే చాలు, ఎదురయ్యేది. రెండుసార్లు అక్కడి దాకా వెళ్ళి, రెండుసార్లూ వెనక్కి తిరిగాను. పైగా పాస్ చేసింది. చూడకుండా ముద్ర వేసిన ఇన్‌స్పెక్టర్లను మేం సస్పెండ్ చేసేవాళ్ళం.

ఇవాళ వెనక్కి తిప్పలేదు. రేపటి సంగతి రాయను.

బావమరిదికి ఫోన్ చేశాను. "వేలు ఎలా ఉంది?" అన్నాను. "ఏ వేలు?" అన్నాడు. అదీ అతని మంచితనం. సైన్ ఇన్ అయిందన్నాను. "నేనా రోజు ఏదో నొక్కాను కదా బావా, అదే పనిచేసి ఉంటుంది" అన్నాడు. అయ్యుంటుంది అన్నాను.

మే 20

మేస్త్రి ఎనిమిదింటికే వచ్చాడు. కాగితం నేలమీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. పెన్సిల్ చెవి మీద నుంచి తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"సార్, ఇందులో తప్పుంది."

"తను తప్పు గీయదు."

"గట్టు ఎత్తు చూడండి, తొంభై ఎనిమిది సెంటీమీటర్లు. అందరికీ ఎనభై ఐదు పెడతాం. పాత కాగితంలో మేడమ్‌కి తగ్గట్టు ఎనభై రెండు ఉండేది. నాకు బాగా గుర్తు, ఇక్కడే నిలబడి మోచెయ్యి పెట్టి చూపించారు. అలమారాలు కూడా చూడండి, అన్నీ పైకి పోయాయి. మేడమ్‌కి చెయ్యే అందదు సార్."

మాటలు అయిపోయాక అతనికి అర్థమైనట్టుంది. లేచి, గోడ మీద తొంభై ఎనిమిది దగ్గర గీత గీశాడు. "ఒకసారి ఇలా నిలబడండి సార్." నిలబడ్డాను. చెయ్యి చాపమన్నాడు. గిన్నె పట్టుకున్నట్టు చాపాను. అరచేయి సరిగ్గా గీత మీదికి వచ్చింది. ఎక్కడా వంగలేదు.

"ఓహో," అన్నాడు. రంపం ఏరుకున్నాడు.

ముప్ఫయ్యేళ్ళు ఆ పాత గట్టు దగ్గర నడుం వంచి గిన్నెలు కడిగి, నొప్పి నొప్పి అని సణిగాను. ఒక్కనాడూ జవాబు చెప్పలేదు. వినడం లేదనుకున్నాను. జూన్ ముప్ఫైన, హాస్పిటల్‌కి బ్యాగు సర్దుకునే రోజున, కూర్చుని కొలతలన్నీ మార్చింది. గిన్నెల పని శాశ్వతంగా నాకే రాసిచ్చింది.

మే 21

దుమ్ము. టీవీ మీద, మంచం మీద, ఈ పేజీ మీద.

మే 23

రంపం చప్పుడులో తొమ్మిది ఎప్పుడు దాటిందో తెలియలేదు. పదిన్నరకి గుర్తొచ్చి మాత్ర వేసుకున్నాను. గంటన్నర ఆలస్యం. మొదటి తప్పు, హెచ్చరికతో వదిలేయవచ్చు.

మే 25, సోమవారం

వంటిల్లు అయిపోయింది. పొయ్యి హాల్లోంచి లోపలికి వెళ్ళింది. వార్తలు ఇక విడిగా మాడతాయి.

బావమరిది వచ్చాడు. కాఫీ తనే పెడతానన్నాడు. కొత్త వంటింట్లో మొదటి కాఫీ అట, అక్క తరఫున. ఈ అక్కాతమ్ముళ్ళిద్దరిదీ ఒకే ఎత్తు, వేలెడు తేడా లేదు. ఐదడుగులు కూడా ఉండరు. పొయ్యి మీద పాలు పెట్టి, గిన్నెలోకి చూడటానికి మడమలెత్తి నిలబడ్డాడు. చెంచా తిప్పడానికి మోచెయ్యి భుజం దాకా లేపాల్సి వచ్చింది. పైన అలమారాలో పంచదార డబ్బా అందక, రెండుసార్లు ఎగిరాడు.

"ఏంటి బావా ఈ వంటిల్లు! మనుషులకి కట్టించావా, ఒంటెలకా?"

"మీ అక్క గీసింది."

"అక్క గీసిందా? మరి అక్క దీని ముందు ఎలా..."

వాక్యం అక్కడ ఆపేశాడు. నాకు వీపు కనిపిస్తోంది. వెనక నుంచి చూస్తే భుజాలు కూడా తనవే. ఆ గట్టు ముందు ఆ భుజాలు ఎక్కడా ఇమడలేదు. ఇంటింటికీ వెళ్ళి ఆ ఇంటి ఆడవాళ్ళ మోచేతులు కొలిచి గీసేది. తన వంటింట్లో మాత్రం తనకి నిలబడే చోటు లేకుండా గీసుకుంది.

పాలు పొంగాయి. ఇద్దరం చూస్తూనే ఉన్నాం, ఎవరమూ పొయ్యి ఆపలేదు.

మేస్త్రి హాల్లో సామాను సర్దుకుంటున్నాడు. గోడ పక్కన ప్లైవుడ్ ముక్క ఒకటి మిగిలింది.

"దాంతో ఒక పీట చేసిపెట్టు," అన్నాను. "ఎక్కి నిలబడేట్టు గట్టిగా."

"ఎంత ఎత్తు సార్?"

"పదహారు సెంటీమీటర్లు. మిల్లీమీటరు తగ్గకూడదు."

"ఎవరికి సార్?"

"మా బావమరిదికి. నెలకోసారి వస్తాడు కదా."

బావమరిది చేతిలో మసిగుడ్డతో గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. మేస్త్రి టేపు తీసి కొలవడం మొదలుపెట్టేసరికి, పొంగిన పాలు తుడవడానికి లోపలికి వెళ్ళాడు.

సాయంత్రానికి పీట అయింది. నా స్కేలు పెట్టి చూశాను. పదహారే. పొయ్యి ముందు పెట్టాను. వంట చేస్తుంటే కాలికి తగులుతోంది, పక్కకి జరిగి నిలబడాల్సి వస్తోంది. అక్కడే ఉంచాను.